జమీందారు గారి క్యారేజీ

విశాఖపట్నం,
జులై 2.

అన్నయ్యకి,

ఇక్కడ చేరి మూడు రోజులైంది. మొదటి రోజే ఫోన్లు తీసుకుని, పేరు రాసిన కవర్లలో పెట్టి, బీరువాకి తాళం వేసేరు. నీట్ పరీక్ష అయ్యేదాకా ఉత్తరమే గతి. అది కూడా మా వార్డెన్ వీరదుర్గ గారు చదివి, ఎర్ర సిరాతో సంతకం పెట్టేకే కదుల్తుంది. వచ్చినవీ అంతే, పోయేవీ అంతే. కాబట్టి మర్యాదగా రాయి.

నాన్న పెట్టిన షరతు నీకు గుర్తుండే ఉంటుంది. అయినా నీ జ్ఞాపకశక్తి మీద నాకున్న గౌరవం కొద్దీ మళ్ళీ రాస్తున్నాను. నేను పశువుల డాక్టరునవుతానంటే నాన్న ఏమన్నారు? "బల్లిని బతికించలేనిదానివి బర్రెనేం బతికిస్తావు?" అన్నారు. ఆ వచ్చిన ఆదివారం మా బల్లి జమీందారుని రొయ్యలు తూచే చిన్న కాటా మీద కూర్చోబెట్టేరు. అరవై గ్రాములు. సెప్టెంబరు ముప్పయ్యిన మళ్ళీ తూస్తారు. అరవైకి తగ్గకపోతే నా చదువు నా ఇష్టం. తగ్గితే కోచింగు మానేసి ఇంటికొచ్చి, పై ఏడు అమలాపురంలో బీకాం. "డాక్టరెప్పుడూ రోగి పక్కనే కూర్చోదు. తను చెప్పాలి, కాంపౌండరు చెయ్యాలి, రోగి బతకాలి. అదీ వైద్యమంటే" అన్నారు. ఆ కాంపౌండరువి నువ్వు. నా బతుకు ఎవరి చేతుల్లో పెట్టి వచ్చేనో తలుచుకుంటే ఫిజిక్స్ కన్నా ఎక్కువ భయమేస్తోంది.

జమీందారుతో నీకు పేచీ ఉండదు. ఒంటి మీద చిరుత మచ్చలు, గోడ ఎక్కడం రాదు, పగలంతా పడుకుంటాడు, సాయంత్రం లేచి తింటాడు, మిగిలిన కొవ్వు తోకలో దాచుకుంటాడు. ప్రభుత్వం దగ్గర నమోదైన బల్లి. మనింట్లో అందరికన్నా ఆయన కాగితాలే సక్రమంగా ఉన్నాయి. పేచీ అంతా భోజనంతో. కదిలేది తప్ప ముట్టడు. నీలం టబ్బులో మూడు వందల కీచురాళ్ళు పెట్టింది అందుకే. అన్నయ్యా, బల్లిని బతికించడమంటే కీచురాళ్ళని బతికించడం. అవి నీరసంగా ఉంటే వాటిని తిన్న జమీందారూ నీరసమే. టబ్బు పొడిగా ఉండాలి. గుడ్ల అట్టలు నిలబెట్టి ఉంచు, సందుల్లో దాక్కుంటాయి. పైన మూత వద్దు, దోమల వల కట్టు. చచ్చినవాటిని రోజూ ఏరెయ్. తవుడు, మునగాకు, ఒక కేరెట్ ముక్క, అంతే. నీళ్ళ గిన్నె పెట్టేవో, అందులో పడి చస్తాయి. కేరెట్లో తడే వాటికి చాలు. రోజు విడిచి రోజు ఐదారింటిని కాల్షియం పొడిలో దొర్లించి జమీందారుకి వెయ్యి.

అమ్మని టబ్బు దగ్గరికి రానివ్వకు. ఎందుకో నీకు తెలుసు.

తులసి

(ఎర్ర సిరాతో) పరిశీలించబడినది. వీ.దు.

*

కాట్రేనికోన,
జులై 11.

చిరంజీవి, కాబోయే డాక్టరు లక్ష్మీతులసికి కాంపౌండరు నాగసతీష్ దీవించి రాయడం ఏమనగా. వార్డెన్ గారికి నమస్కారాలండి.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేను, అమ్మ, నాన్న, జమీందారు గారు.

నువ్వు అనవసరంగా బెంగపడుతున్నావు. నేను బీఎస్సీ ఆక్వాకల్చరు ఫస్టు క్లాసు. లక్షల రొయ్యలకి పొద్దున్నా సాయంత్రం మేత చూసే మనిషిని. ఒక టబ్బుడు కీచురాళ్ళు నన్నేం చేస్తాయి? నువ్వెళ్ళిన కొత్తలో చీకటి పడితే చాలు కచేరీ మొదలెట్టేవి. ఇప్పుడు వాటికి మంచి క్రమశిక్షణ వచ్చింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే, నాన్న టీవీ సౌండు సగానికి తగ్గించేరు.

అమ్మని రానివ్వద్దన్నావు. గట్టిగానే చెప్పేను. "అలాగేలేరా" అంది, టబ్బు పక్కనే నించుని. పి.గన్నవరం ఆడపడుచుకి ఇంతకన్నా గట్టిగా చెప్పడం నావల్ల కాదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన మనింట్లో పులిహోర తినకుండా గేటు దాటడం నువ్వెప్పుడైనా చూసేవా? గడపలోకొచ్చిన ప్రాణికి ముందు దాహం, తర్వాతే ఊరూ పేరూ. అమ్మ వాళ్ళ వంశంలో అదొక జబ్బు, మందు లేదు.

బరువు గురించి తొందరపడకు. బరువనేది మనసులో ఉంటుంది.

నువ్వు బాగా చదువుకో.

కాంపౌండరు

*

విశాఖపట్నం,
జులై 17.

అన్నయ్యకి,

నీ ఉత్తరంలో వేదాంతం ఉంది, అంకెలు లేవు. నువ్వు వేదాంతం మాట్లాడేది చెరువులో ఏదో తేడా వచ్చినప్పుడే.

కీచురాళ్ళకి క్రమశిక్షణ రాదు. అరిచేవి మగవి. మూడు వందలూ కూడబలుక్కుని నోరు మూసుకోవడానికి ఈ లోకంలో ఒకటే కారణం ఉంటుంది.

ఎన్ని బతికున్నాయి? అమ్మ ఏం పెట్టింది? దేంట్లో పెట్టింది? జమీందారు బరువెంత? నాలుగు ప్రశ్నలు. నాలుగు జవాబులు. హాస్యం వద్దు.

తులసి

(ఎర్ర సిరాతో) పరిశీలించబడినది. జవాబులు వెంటనే పంపవలెను. వీ.దు.

*

కాట్రేనికోన,
జులై 24.

తులసికి, వార్డెన్ గారికి,

పదకొండు. మజ్జిగ. స్టీలు గిన్నెలో. యాభై ఆరు.

హాస్యం వద్దన్నావు కాబట్టి ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పదకొండు ప్రాణాలు సాక్ష్యం చెప్పలేవు గదా, జరిగింది నేనే చెప్పాలి.

నువ్వెళ్ళిన నాలుగోరోజు చెరువు దగ్గర్నించి వచ్చేసరికి టబ్బు మధ్యలో గిన్నె ఉంది. అందులో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. దాంట్లో సుమారు ఎనభై కీచురాళ్ళు, అందరూ ఆఖరి స్నానం ముగించి తేలుతున్నారు. "ఏంటమ్మా ఇది?" అన్నాను. "ఉక్కపోస్తంది కదరా, వాటికి మాత్రం గొంతెండదా? మంచినీళ్ళు పెడితే ముట్టలేదు, అందుకని మజ్జిగ చేసేను" అంది. మంచినీళ్ళ గిన్నె తీసి చూపించింది. దాంట్లో ఇంకో అరవై.

మిగిలినవాటికి మర్నాడు పప్పన్నం. ఆ మర్నాడు పనసపొట్టు కూర. తరవాత ముసురు పట్టింది, వారం రోజులు ఎండ మొహం చూళ్ళేదు. తినగా మిగిలిన అన్నం గుడ్ల అట్టల కింద బూజు పట్టి, టబ్బు ఎరువుల కొట్టు కన్నా ఘాటుగా తయారైంది. నీ చదువు పాడవుతుందని చెప్పలేదు. ఇది అబద్ధం. భయమేసి చెప్పలేదు.

ఇక మంచి కబురు. రాజమండ్రిలో కీచురాళ్ళమ్మే కొట్టాయనకి ఫోన్ చేసి మళ్ళీ మూడు వందలు తెప్పించేను. అమలాపురం బస్సులో వచ్చేయి. పార్సిలు నా చేతికిస్తూ కండక్టరు గారు, "ఇందులో ఏవుందండీ, రావులపాలెం కాణ్ణించి ఒకటే పాట" అన్నారు. "సంగీతం మేష్టార్లండి" అన్నాను. "ఆయ్, మరి కింద పెట్టేసేనే" అని ఆయన నొచ్చుకున్నారు.

టబ్బు కడిగి ఎండబెట్టేను. కొత్త అట్టలు. ఇంకొకటి నా సొంత బుర్ర. చెరువులో రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి తాడుకట్టి పళ్ళెం దింపుతాం కదా, చెక్ ట్రే? అలాగే ఒక సీసా మూతలో తవుడు వేసి పెట్టేను. పొద్దున వేసింది సాయంత్రానికి మిగిలితే ఎక్కువైనట్టు, మర్నాడు తగ్గిస్తాం. ఖాళీ అయితే కాస్త పెంచుతాం. కింద కుళ్ళేది ఏమీ ఉండదు. అమ్మకి చూపిస్తే రెండు నిమిషాల్లో పట్టేసింది. "అంటే పారెయ్యకుండా వండుకోవడం. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా" అంది. టబ్బు బాధ్యత ఇప్పుడు అమ్మదే. కంగారుపడకు, గిన్నెలన్నీ అటక మీద పెట్టించేను.

నాన్న ఆదివారం ఆదివారం జమీందారుని తూచి, అంకె కేలెండరులో రాసి చెయ్యి కడుక్కుంటున్నారు.

సిగ్గుపడుతున్న కాంపౌండరు

*

విశాఖపట్నం,
ఆగస్టు 1.

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి తిట్లు రాసిన మొదటి కాగితం చింపేసేను. తర్వాత చెక్ ట్రే దగ్గర మళ్ళీ చదివి, నువ్వు మా అన్నయ్యవేనని ఒప్పుకున్నాను. అది మంచి ఆలోచన. నాకు రాలేదు.

నాలుగు గ్రాములు పెద్ద నష్టం కాదు. కొత్తవాటికి మూడు రోజులు బాగా మేపి, అప్పుడు జమీందారుకి వెయ్యి. నెల తిరిగేసరికి కోలుకుంటాడు. కీచురాళ్ళు చాలకపోతే చేలో మిడతలు పట్టి వేద్దామన్న గొప్ప ఆలోచన నీకు వస్తుంది. వద్దు. మందు కొట్టిన చేలో మిడత జమీందారు పాలిట విషం.

మొన్న మాక్ టెస్టులో జువాలజీ బాగా వచ్చింది. ఫిజిక్స్ గురించి, బరువనేది మనసులో ఉంటుంది.

తులసి

(ఎర్ర సిరాతో) పరిశీలించబడినది. ఇకపై ప్రతి ఉత్తరంలో బల్లి బరువు తెలియజేయవలెను. వీ.దు.

*

కాట్రేనికోన,
ఆగస్టు 12.

తులసికి, వార్డెన్ గారికి,

బరువు యాభై మూడు.

కీచురాళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఇంత ఆరోగ్యమైన కీచురాళ్ళు ఈ జిల్లాలో లేవని ప్రమాణం చేసి చెప్పగలను. మూడు వందల్లో ఏడే పోయేయి. మీసాలు నిగనిగలాడుతున్నాయి. సాయంత్రమైతే కచేరీకి నాన్న టీవీ సౌండు పెంచుతున్నారు. కష్టం ఎక్కడొచ్చిందంటే, అవి చావటం లేదు. అంటే, అమ్మ చావనివ్వటం లేదు.

మొదటి మేతకి చిమటాతో రెండింటిని పట్టేను. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఎక్కడికిరా వాళ్ళని?"

"జమీందారు గారి భోజనానికి."

"ఆ చిన్నోడు నిన్ననే కుబుసం విడిచేడు. పొద్దున్న నా చేతిలో కేరెట్ తిన్నాడు."

"అమ్మా, తెచ్చింది అందుకే."

"తెచ్చినప్పుడు అందుకే తెచ్చేం, కాదన్నానా? ఇప్పుడు నా చేత్తో పెట్టేను. విస్తరేసి కూర్చోబెట్టినోణ్ణి లేపి బల్లికి పడేస్తారా? మా గన్నవరంలో వింటే ఏవనుకుంటారు?"

"మరి రొయ్యల్ని మేపి అమ్మటం లేదా?"

"వాటికి మేతేసేది త్రిమూర్తులు. నేను పెట్టలేదు."

నాన్న వైపు చూసేను. నాన్న పేపరు దించి, "ఆయ్, మీ అమ్మ చెప్పింది ధర్మవే కదా" అన్నారు. పెళ్ళయ్యేక నాన్న అమ్మ మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారిట. అమ్మ కూడా అనుమానంగా చూసింది.

ఉడకబెట్టిన రొయ్యకి దారం కట్టి జమీందారు ముందు ఊపేను. ఆయన రొయ్యని చూసేడు, దారాన్ని చూసేడు, నన్ను చూసేడు. నాలుకతో కన్ను తుడుచుకుని పడుకున్నాడు. త్రిమూర్తులు గారు చేలోంచి మిడతలు తెచ్చేరు. నువ్వు రాసింది గుర్తుపెట్టుకుని వెనక్కి పంపేను. అమ్మ గుడికెళ్ళినప్పుడు దొంగతనంగా రెండు వేస్తున్నాను, కానీ అమ్మ వచ్చి లెక్క చూసుకుంటోంది. తోక సన్నబడింది. పగలే కాదు, సాయంత్రం కూడా పడుకుంటున్నాడు.

తులసీ, వేళాకోళం కాదు. ఇక నావల్ల కావటం లేదు. కాంపౌండరు చెయ్యగలిగింది అయిపోయింది. డాక్టరు రావాలి.

అన్నయ్య

*

విశాఖపట్నం,
ఆగస్టు 18.

అమ్మకి,

ఎలా ఉన్నావు? ఇక్కడ సాంబారులో ముక్కలు లేవు. అది తర్వాత చెప్తాను.

నువ్వు కీచురాళ్ళని ఎంత బాగా చూస్తున్నావో అన్నయ్య రాసేడు. పుస్తకాలు చదివి నేను చేసినదానికన్నా బాగా చేస్తున్నావు. కానీ ఒక్కమాట అడుగుతాను, కోప్పడకు. పొద్దున్నే లేచి నాన్నకి నువ్వు క్యారేజీ సర్దుతావు. అడుగు గిన్నెలో అన్నం, పైన కూర, ఆ పైన పెరుగు. క్యారేజీ ఎంత బాగా తోమినా, ఎంత ముద్దుగా ఉన్నా, భోజనం క్యారేజీకి కాదు కదా? నాన్నకి.

జమీందారు మునగాకు తినడు. కేరెట్ తినడు. తవుడు మొహం చూడడు. అవన్నీ ఆయనకి అందాలంటే ఒకటే దారి, వాటిని తిన్న కీచురాయి. దాని పొట్టలో ఈ పూట నువ్వు పెట్టిందే రేపు జమీందారు ఒంటికి పట్టేది. అమ్మా, కీచురాళ్ళు కాళ్ళున్న క్యారేజీలు. నెల రోజులుగా నువ్వు వాటికి వడ్డించటం లేదు, వాటిలో సర్దుతున్నావు. సర్దిన క్యారేజీలన్నీ వరండాలో పెట్టుకుని పాటలు వింటున్నావు.

అసలు అతిథి అద్దాల పెట్టెలో కూర్చున్నాడు. నోరు తెరిచి అడగలేడు. నీ ఇంట్లో, నీ చేతి వంట ఉండగా, ఒక ప్రాణి సగం ఆకలితో పడుకుంటోంది. గన్నవరంలో వింటే ఏమనుకుంటారో నాకు తెలీదు.

నీ తులసి

అన్నయ్యకి విడిగా: ఈ చీటీ చదివి పొయ్యిలో పెట్టు. నాన్న తూచడానికి ముందు రెండు రోజులు జమీందారుకి నేను భోజనం పెట్టలేదు. అసలు బరువు అరవై మూడు దాకా ఉండాలి. ఆ మూడు గ్రాములూ ఆపదకి పనికొస్తాయనుకున్నాను. అవి ఎప్పుడో అయిపోయేయి. అమ్మ మనసు మారకపోతే నేను బీకామే.

(ఎర్ర సిరాతో) పరిశీలించబడినది. మూడు గ్రాముల సంగతి నా కంట పడలేదు. వీ.దు.

*

కాట్రేనికోన,
సెప్టెంబరు 8.

తులసికి, కంట ఏమీ పడని వార్డెన్ గారికి,

బరువు డెబ్భై నాలుగు. మళ్ళీ చదువుకోండి. డెబ్భై నాలుగు.

నీ ఉత్తరం అమ్మకి నేనే చదివి వినిపించేను. క్యారేజీ దగ్గర అమ్మ ఊఁ కొట్టింది. "సగం ఆకలితో" దగ్గరికి వచ్చేసరికి లేచి నించుంది. చెయ్యి కడుక్కుని, నా చేతిలో చిమటా లాక్కుని, జమీందారు ముందు కూర్చుంది.

"నాయనా, నువ్వొక్క మాట చెప్పలేదేవిటి?" అంది.

ఆ సాయంత్రం తొమ్మిది. మర్నాడు పదకొండు. ఎనిమిదోదానికి ఆయన మొహం తిప్పుకుంటే, "నా మీద ఒట్టు, ఇదొక్కటీ" అంటుంది. ఆయన తింటాడు. "సరిసంఖ్య మంచిది కాదు, ఇంకోటి" అంటుంది. ఆయన మళ్ళీ తింటాడు. మనింటికి వచ్చిన చుట్టాలు గేటు దగ్గర చెప్పులేసుకునేటప్పుడు పెట్టే మొహం ఉంటుందే, సరిగ్గా ఆ మొహం పెడుతున్నాడు. అయినా తింటున్నాడు. అమ్మ ముందు ఎవరు వద్దనగలరు?

కీచురాళ్ళకి పొద్దున్న మునగాకు, మధ్యాహ్నం తీపి గుమ్మడి, సాయంత్రం తవుడు. "ఇయ్యాళ జమీందారు గారికి గుమ్మడికాయ కూరండి" అని పక్కింటావిడకి చెప్తోంది. మొదటివాణ్ణి వేసేటప్పుడు మాత్రం, "నీ రుణం తీరిందిరా తండ్రీ" అని ఒక దణ్ణం పెడుతుంది. రాజమండ్రి నుంచి మూడో పార్సిలు దిగింది. కండక్టరు గారు ఈసారి మేష్టార్లని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చేరు.

నువ్వు నెగ్గేవు. చదువుకో.

విజయోత్సాహంతో కాంపౌండరు

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 14.

అన్నయ్యకి,

ఆపు. వెంటనే ఆపు.

లావైన బల్లి ఆరోగ్యమైన బల్లి కాదు. కొవ్వు తోక దాటి పొట్టకీ, లోపలికీ పాకితే ప్రాణానికే ముప్పు. తోక మెడకన్నా లావుగా ఉండొచ్చు, తలకన్నా ఉండకూడదు. వారానికి రెండుసార్లు, పూటకి నాలుగు, అంతకన్నా ఒక్కటి ఎక్కువ వద్దు. అమ్మకి చెప్పు. నా పేరు చెప్పి చెప్పు. కాళ్ళు పట్టుకుని చెప్పు.

తులసి

(ఎర్ర సిరాతో) పరిశీలించబడినది. డాక్టరు గారి సలహా పాటించవలెను. వీ.దు.

*

కాట్రేనికోన,
అక్టోబరు 1.

చిరంజీవి లక్ష్మీతులసికి,

మీ అన్నయ్య రాస్తే నమ్మవని నేనే రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఐదు గంటలకి, మీ అమ్మ, మీ అన్నయ్య, త్రిమూర్తులు ఎదురుగా ఉండగా జమీందారుని తూచేను. ఎనభై నాలుగు గ్రాములు. కాటా చెడిందేమోనని రొయ్యని పెట్టి కూడా చూసేను. కాటా బాగానే ఉంది.

షరతు ప్రకారం నీ చదువు నీ ఇష్టం. అడ్డు చెప్పను.

నువ్వు తూకానికి ముందు వాణ్ణి రెండు రోజులు పస్తుంచేవని ఆ రోజే తెలుసు. పొట్ట వెన్నుకి అంటుకుని ఉంది. రొయ్యలు కొనేవాళ్ళ తూకాల మధ్య ముప్పై ఏళ్ళు బతికినవాణ్ణి. షరతులో ఆ విషయం పెట్టలేదు గనక ఊరుకున్నాను. డాక్టరుకి కాస్త లౌక్యం కూడా ఉండాలి.

నేను పెట్టింది బరువు తగ్గకూడదని. పెరక్కూడదని పెట్టలేదు. బరువు పెరిగిందని బాధపడ్డ రైతుని నేనింతవరకు చూళ్ళేదు, అందుకని తోచలేదు. జమీందారు ఇప్పుడు పొట్ట నేలకి ఆనించి కదులుతున్నాడు. రెండడుగులేసి ఆలోచిస్తాడు. నీ ఉత్తరం మీ అన్నయ్య చదివేడు. మీ అమ్మ, "ఇంటికొచ్చినోణ్ణి పస్తుంచమని రాసింది నా కూతురు కాదు, ఎవరో పక్కనుండి రాయించేరు" అంది. ఒక పూట మానిపించమని నేను గట్టిగా చెప్పేను. ఆ పూట నాకు మానిపించింది.

కాబట్టి ఈ ఇంటికి ఒక పశువుల డాక్టరు అవసరం కనిపిస్తోంది. ఆలస్యం చెయ్యకుండా చదువు. ఫిజిక్స్ కూడా చదువు.

వార్డెన్ గారికి నా నమస్కారాలు తెలియజేయి.

మీ నాన్న,
కేశవరావు

ఈ ఉత్తరం రాస్తుంటే వాడు అద్దం దగ్గరికొచ్చి నావైపే చూసేడు. మొహమాటపడి ఒకటి వేసేను. మీ అన్నయ్యకి చెప్పకు.